తారు పూసిన పేరు

మా డింగీ పడవ ముక్కు మీద వాసుదేవ్ పేరు రాసింది నేనే. ఆ పేరు మీద తారు పూసిందీ నేనే. ఆ రెండింటికీ మధ్య నాలుగేళ్లు.

ఈ దీవుల్లో, మా జంగ్లీఘాట్ పేటలో పుట్టి పెరిగినవాళ్లకు తెలుగు నోటికి వచ్చినంతగా చేతికి రాదు. బడిలో వాళ్లకు హిందీ, ఇంగ్లీషు. నేను పదిహేనేళ్లు వచ్చేదాకా శ్రీకాకుళం తీరంలో అమ్మమ్మ దగ్గర పెరిగాను. రెండు గదులు, ఇద్దరు మాస్టర్లు ఉన్న బడిలో చదివాను. అమ్మమ్మ పోయాక నాన్న వచ్చి ఓడలో ఇక్కడికి తీసుకొచ్చాడు. ఆ చదువు ఇక్కడ ఒక్కదానికే అక్కరకొచ్చింది, పడవల మీద పేర్లు రాయడానికి. ముందు సుద్దముక్కతో గీసుకుంటాను. తర్వాత తెల్ల రంగుతో నింపుతాను. అమ్మవార్ల పేర్లు, పిల్లల పేర్లు, ఒక్కోసారి సినిమావాళ్ల పేర్లు. రేవులో సగం డింగీల మీద ఉన్నవి నా అక్షరాలే. అందుకే పేటలో కుర్రాళ్లు నన్ను టీచర్ దీదీ అంటారు.

మా నాన్న నూకన్న కొత్త డింగీ చేయించుకున్నప్పుడు ఏం రాయమంటావని అడిగాను.

"అమ్మోరి పేరు అందరూ రాయించుకుంతన్నారు. మన వాసు పేరు రాయే. గోలు కాసేవోడు కదా, నీల్లు లోపలికి రానీడు," అన్నాడు.

రేవులో అందరూ నవ్వారు. నేను "వాసుదేవ్" అని రాసి, పక్కన అతని చొక్కా మీద ఉండే ఒకటి అంకె వేశాను.

వాసుదేవ్ ఎరుకమ్మ పెద్దమ్మ కొడుకు. కలకత్తాలో బ్లూ రోవర్స్ అనే క్లబ్బుకు తొమ్మిది సీజన్లు గోల్‌కీపర్‌గా ఆడాడు. అతను వెళ్లకముందు మా పేటలో ఎవరికీ ఆ క్లబ్బు పేరు తెలియదు. తర్వాత చిన్నా పెద్దా అందరికీ నీలం చొక్కాలే. గోపినాథ్ తన మొబైల్ కొట్లో గోడకు పెద్ద టీవీ బిగించాడు. మ్యాచ్ ఉన్న రోజు కొట్టు ముందు ఆటోలు కూడా ఆగిపోయేవి. సీజన్ అయ్యాక అతను ఓడ దిగే రోజున పేట పేటంతా డప్పులతో హాడో ఓడరేవుకు వెళ్లేది. భుజాల మీద ఎత్తుకుని జంగ్లీఘాట్ దాకా తెచ్చేవాళ్లు. "దించండ్రా బాబూ, మోకాలు నొప్పి," అని అతను నవ్వుతూనే బతిమాలేవాడు. ఒక్కరూ దించేవాళ్లు కాదు.

నేను గోపినాథ్ కొట్లో పని చేస్తాను. రీచార్జి, జిరాక్సు, ఎవరికైనా తెలుగులో అర్జీ కావాలంటే రాసివ్వడం. మ్యాచ్‌లన్నీ కౌంటర్ వెనక నుంచే చూశాను. మిగతావాళ్లు బంతిని చూసేవాళ్లు, నేను అతన్ని చూసేదాన్ని. గోలు పడినప్పుడు అందరికంటే ముందు అతనే లేచి, తప్పు చేసిన ఆటగాడి దగ్గరకు వెళ్లి భుజం తట్టేవాడు. తొమ్మిదేళ్లలో ఎవరి మీదా అరవగా చూడలేదు. ఈ మాట అతనికి ఎప్పుడైనా చెప్పాలని ఉండేది. ఓడ దిగినప్పుడు చుట్టూ జనం. నేను వెనకే ఉండిపోయేదాన్ని.

ఎరుకమ్మ పెద్దమ్మ రోజూ తెల్లవారుతూనే గంపతో రేవుకు వచ్చేది. చేపలు ఎత్తుకునే ముందు మా డింగీ దగ్గర ఆగి, ఆ పేరు మీద చూపుడువేలు ఆ చివర నుంచి ఈ చివరకు నడిపేది. ఆమెకు చదువు రాదు. అక్షరం ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ఆగుతుందో ఆ వేలికి తెలుసు.

మా వాళ్లలో ఒక పద్ధతి ఉంది. సముద్రంలోకి వెళ్లిన మనిషి తిరిగి రాకపోతే, పడవ మీద ఉన్న పేరు మీద తారు పూస్తారు. ఇంటి ఆడది ఒక చెంబు మంచినీళ్లు తెచ్చి ఆ తారు మీద పోస్తుంది. ఉప్పునీళ్లలో పోయినవాడికి చివరి దాహం తీర్చడానికి. అమ్మమ్మ ఊళ్లో ఇది రెండుసార్లు చూశాను. ఇక్కడ జంగ్లీఘాట్‌లో చివరిసారి జరిగింది ఇరవై ఎనిమిదేళ్ల కిందట. పోయింది ఎరుకమ్మ పెద్దమ్మ భర్త. పడవ వచ్చింది, మనిషి రాలేదు. ఆ తర్వాత పెద్ద ఇంజన్లు వచ్చాయి, ఫోన్లు వచ్చాయి, అలా పోయినవాళ్లు లేరు. గోపినాథ్ వయసు వాళ్లకు తారు అంటే పడవ అడుగున కన్నాలు పూడ్చే సరుకు, అంతే.

పోయిన ఏడాది వర్షాలు మొదలైనప్పుడు ఫోన్లో ఒక ఫొటో వచ్చింది. వాసుదేవ్ ఎర్ర చొక్కా వేసుకుని ఉన్నాడు. స్టార్ యూనియన్ చొక్కా. కలకత్తాలో బ్లూ రోవర్స్‌కు స్టార్ యూనియన్ అంటే పడదు. వీళ్ల గెలుపు వాళ్లకు ఏడుపు.

"గద్దార్!" అన్నాడు గోపినాథ్. "తొమ్మిదేళ్లు మన రొట్టె తిని ఆఖరికి వాళ్ల గడప తొక్కాడు చూడు."

"మన రొట్టె ఎప్పుడు పెట్టావురా నువ్వు? అతనికి టీ ఇప్పించినా డబ్బులు నా చేతే పెట్టించేవాడివి," అన్నాడు కొట్లో కూర్చున్న ఆటో అప్పలరాముడు.

"మజాక్ కాదు యార్. దిల్ టూట్ గయా."

నాకు అసలు సంగతి తెలుసు. ఆ ముందు వారమే ఎరుకమ్మ పెద్దమ్మ ఫోన్ తెచ్చి నాచేత చదివించుకుంది. క్లబ్బువాళ్లు పంపిన మెసేజ్‌ను వాసుదేవ్ తల్లికి పంపాడు. రెండే లైన్లు. వచ్చే సీజన్‌కు అవసరం లేదు, లాకరులో సామాను తీసుకెళ్లండి అని. ఆఖరి మ్యాచ్ లేదు, దండ లేదు, తొమ్మిదేళ్లు నిలబడిన ఆ గోలు ముందు ఒక్కసారి చెయ్యి ఊపే వీలు కూడా లేదు. తన గ్లౌజులు ఒక బియ్యం సంచిలో వేసుకుని బయటికొచ్చాడట. ఇంకొక్క సీజన్ ఆడాలని అతనికి ఉంది, పిలిచింది స్టార్ యూనియన్ ఒక్కటే.

"మన క్లబ్బువాళ్లే వద్దన్నారంట భయ్యా," అన్నాను గోపినాథ్‌తో.

"ఎవరు చెప్పారు?"

"పెద్దమ్మ."

"అమ్మ కాబట్టి అలాగే చెప్తుంది. బహానా. నువ్వు ఆ జిరాక్సు చూడు, టీచర్ దీదీ."

జిరాక్సు చూశాను. నేను చెప్పవలసింది చెప్పేశాను కదా అనుకున్నాను.

ఫిబ్రవరిలో ఆ రెండు క్లబ్బులకే సెమీఫైనల్ పడింది. ఆ సాయంత్రం కొట్టు ముందు నిలబడడానికి చోటు లేదు. ఎర్ర చొక్కాలో వాసుదేవ్ కనబడిన ప్రతిసారీ ఈలలు, బూతులు. అతను కుంటుతున్నాడు. మోకాలికి పట్టీ తొడ దాకా ఉంది. స్టార్ యూనియన్ ఒక గోలు ముందుంది. ఆట ముగుస్తుందనగా బ్లూ రోవర్స్‌కు పెనాల్టీ వచ్చింది.

కొట్లో అందరూ టీవీ దగ్గరకు జరిగారు.

"కొట్టాలి, వాడి మొహం మీద కొట్టాలి," అని గోపినాథ్ గొణిగాడు. రెండేళ్ల కిందట ఇదే టీవీ ముందు, ఇలాంటి బంతే వాసుదేవ్ ఆపితే, ఇతనే కౌంటర్ మీదకెక్కి ఎగిరాడు. గాజు పగిలింది. ఆ పగులుకు వేసిన టేపు ఇప్పటికీ ఉంది.

వాసుదేవ్ ఎడమవైపు పడ్డాడు. బంతి అతని చేతికి తగిలి బయటికి పోయింది. ఆట అయిపోయింది.

ఎర్ర చొక్కాలవాళ్లు అతని మీదికి పరుగెత్తారు. అతను వాళ్లను తప్పించుకుని, కుంటుకుంటూ, గోలు వెనక నీలం జెండాలున్న వైపు వెళ్లాడు. రెండు చేతులూ ఎత్తి జోడించాడు. ఆ గ్లౌజులు మందం, అరచేతులు సరిగా ఆనవు. తల వంచి చాలాసేపు అలాగే నిలబడ్డాడు. ఆ వైపు నుంచి నీళ్ల సీసాలు వచ్చి అతని చుట్టూ పడుతున్నాయి. ఒకటి భుజానికి తగిలింది. అయినా చేతులు దించలేదు.

"చూడు, చూడు! తాళీ కొడుతున్నాడు! మనల్నే వెక్కిరిస్తున్నాడు!" అని గోపినాథ్ అరిచాడు. మిగతావాళ్లకూ అదే కనబడింది.

అది చప్పట్లు కాదు, దణ్ణం. నాకు స్పష్టంగా కనబడింది. అంతమందిలో, అంత గోలలో, కౌంటర్ వెనక నుంచి నేను ఏం చెప్పినా వినబడదు అనుకున్నాను. వినబడేలా చెప్పడానికి ప్రయత్నించానా అంటే, లేదు.

మర్నాడు సాయంత్రం గోపినాథ్, అతని జట్టు నలుగురు రేవుకు వచ్చారు. మా డింగీ ఒడ్డున ఉంది. అడుగున అతుకులు ఊడితే బాగుచేయిస్తున్నాం. నాన్న ఇంకో దీవిలో ఉన్న హట్‌బే వెళ్లాడు, మా చిన్నాన్న ఇంట్లో పెళ్లికి. పనివాళ్లు అప్పుడే ఇంటికెళ్లారు. పొయ్యి పక్కన దించిన తారు డబ్బా ఇంకా వెచ్చగానే ఉంది. నేను బ్రష్షులు కిరసనాయిలులో పెడుతున్నాను.

"టీచర్ దీదీ, ఈ పేరు మన రేవులో ఉండకూడదు. నువ్వే రాశావు, నువ్వే తీసెయ్యి," అన్నాడు గోపినాథ్.

"నాన్న వచ్చాక..."

"నూకన్న మామకు నేను చెప్తాను. ఆయనకు మాత్రం కోపం రాలేదా ఏంటి?"

"తెల్ల రంగు లేదు భయ్యా. రేపు కొట్టేద్దాం."

"తెల్లది ఎందుకు? ఇది ఉందిగా," అని తారు డబ్బాను కాలితో నా వైపు జరిపాడు. "బస్, ఒక పట్టీ కొట్టు. ఫొటో తీసి గ్రూపులో పెడతాను."

నాకు తెలుసు. వాళ్లెవరికీ తెలియదు, నాకు తెలుసు. తారు పూయకూడదు, మనిషి చచ్చిపోయినట్టు అవుతుంది అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? ఎందుకు వద్దంటున్నావు అని వాళ్లలో ఒకరు అడిగినా చెప్పేదాన్నేమో. అడగలేదు. ఐదుగురు మగవాళ్లు చుట్టూ నిలబడి ఫోన్లు పట్టుకున్నారు. రేపు మళ్లీ ఆ కొట్లోనే కూర్చోవాలి. తెల్లవారకముందే వచ్చి గీకేద్దామని మనసులో అనుకుని బ్రష్షు తీసుకున్నాను.

నా చెయ్యి తిన్నగా పోతుంది, అది అలవాటు. అమ్మమ్మ ఊళ్లో పెద్దవాళ్లు పూసినట్టే పూశాను, జానెడు వెడల్పు, అంచులు రూళ్లకర్ర పెట్టి గీసినట్టు. నంబరు కూడా పోయింది. "వాహ్, క్యా ఫినిషింగ్ హై!" అని ఒకతను మెచ్చుకున్నాడు కూడా.

తెల్లవారుజామున లేచాను. గీకుడు చాకు, కిరసనాయిలు తీసుకుని వెళ్లాను. నా కంటే ముందే ఎరుకమ్మ పెద్దమ్మ వచ్చేసింది.

గంప పక్కన పెట్టి డింగీ ముందు నిలబడి ఉంది. వేలు కాదు, అరచెయ్యి మొత్తం ఆ నల్లపట్టీ మీద ఆనించి ఉంది. తారు ఇంకా ఆరలేదు. నా అడుగుల చప్పుడు విని తల తిప్పింది.

"ఎప్పుడే?" అంది.

నాకు అర్థం కాలేదనుకున్నట్టు మళ్లీ అడిగింది. "ఎప్పుడు పోనాడే నా కొడుకు? నాకెవులూ సెప్పనేదేటి?"

నోరు తెరిచాను. లేదు పెద్దమ్మా, బతికే ఉన్నాడు అని ఒక్క మాట. గొంతులోకి రాలేదు. ఆమె నా మొహంలోకి చూసింది. నేను మాట్లాడకపోవడమే ఆమెకు జవాబు అయింది.

ఏడవలేదు. గంపలో ఆమె తాగడానికి తెచ్చుకున్న నీళ్ల సీసా ఉంది. మూత తీసి, ఆ నీళ్లన్నీ మెల్లగా తారు మీద పోసింది. "తాగు నాయనా. తాగు," అంది. సీసా ఖాళీ అయ్యాక ఇసుకలో కూర్చుండిపోయింది. కూర్చున్నట్టే పక్కకు ఒరిగింది.

అప్పుడు అరిచాను. రావలసిన మాట రాలేదు, అరుపు వచ్చింది.

రేవులో అందరికంటే పెద్దవాడు గవరయ్య తాత, వల పడేసి పరిగెత్తుకొచ్చాడు. ఆమెను చూసి, డింగీని చూసి, రెండు చేతులతో తల కొట్టుకున్నాడు. "ఎవుడ్రా! బతికున్నోడికి తారు పూసిన కొడుకెవుడ్రా!"

గోపినాథ్‌ను ఎవరో లేపుకొచ్చారు. సంగతి చెబితే అతని మొహం తెల్లబడింది. "నాకు తెలీదు తాతా, కసమ్‌సే, నాకు తెలీదు," అంటూనే వాసుదేవ్‌కు వీడియో కాల్ చేశాడు. ఎర్ర చొక్కా ఫొటో వచ్చాక ఆ నంబరుకు అతను చేసిన మొదటి ఫోను అది.

వాసుదేవ్ ప్రాక్టీసులో ఉన్నాడు. ఒళ్లంతా చెమట, జుట్టు నుదుటికి అంటుకుని ఉంది. "అమ్మా! ఏమైందమ్మా?" అంటున్నాడు.

పెద్దమ్మ కళ్లు తెరిచి ఫోన్ వైపు చూసింది.

"ఒల్లంతా తడిసిపోనావేటిరా?" అంది. "సలేస్తందా?"

"అమ్మా, చెమటమ్మా. గ్రౌండులో ఉన్నాను. చూడు, గడ్డి చూడు. ఇదిగో."

"మీ నాన్న కనిపించినాడా?"

అతను మొహం ఫోన్‌కు ఇంకా దగ్గరగా తెచ్చాడు. ఆమె అతని చెంప తడమబోయింది. అరచేతి తారు ఫోన్ అద్దానికి అంటుకుని అతని మొహం సగం నల్లబడిపోయింది.

బతికే ఉన్నాడని ఆమె నమ్మడానికి మధ్యాహ్నం దాటింది. నమ్మాక కూడా మంచం దిగలేదు. చేతికంటిన తారును నేనే కొబ్బరినూనె, కిరసనాయిలు పెట్టి రెండు రోజులు తుడిచాను. తుడుస్తున్నంతసేపూ ఆమె నన్ను ఏమీ అడగలేదు. నేనూ చెప్పలేదు. రేవుకు రావడం మానేసింది.

పేటలో రెండు రోజులు ఎవరూ తల ఎత్తలేదు. మూడోరోజుకు మాట మారింది. "ఏదో కుర్రాళ్లు తెలీక చేశారు, ముసల్ది మరీ పెద్దది చేసింది," అని నీళ్ల కుళాయి దగ్గర విన్నాను. వారం తిరిగేసరికి, అసలు అతను ఆ ఎర్ర చొక్కా వేసుకోకపోతే ఇదంతా జరిగేదా అనడం మొదలుపెట్టారు.

నేను ఆ పట్టీని గీకాను. పైపొర వచ్చింది, కింద చెక్క తాగేసిన తారు రాలేదు. దాని మీద తెల్ల రంగు రెండు పూతలు వేసి, మళ్లీ "వాసుదేవ్" అని రాశాను. సాయంత్రానికి తెల్లగా, బాగానే ఉంది. పొద్దున్నే చూస్తే అక్షరాల్లోంచి గోధుమ రంగు పైకి వచ్చింది, తడి గోడ మీద చెమ్మ ఊరినట్టు. మళ్లీ గీకి మళ్లీ రాశాను. మళ్లీ ఊరింది. మూడోసారి రాయబోతుంటే, హట్‌బే నుంచి వచ్చిన నాన్న నా చేతిలో బ్రష్షు తీసుకుని పక్కన పెట్టాడు.

"తారు మీద రంగు నిలవదే. ఆ పలక మార్సాల. పలక మార్సాలంతే ముక్కంతా ఇప్పాల. ఈ సీజనులో అవదు," అన్నాడు. అంతకుమించి నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఏప్రిల్‌లో వాసుదేవ్ వచ్చాడు. మోకాలు ఇక ఆటకు పనికిరాదని చెప్పారట, స్టార్ యూనియన్ కూడా పంపేసింది. విమానం దిగి ఆటోలో వచ్చాడు. డప్పులు లేవు. అతను నడిచొస్తుంటే సందులో తలుపులు ఒక్కొక్కటే దగ్గరకు పడ్డాయి. కోపం వల్ల కాదు, సిగ్గు వల్ల. కానీ లోపల ఉన్నది సిగ్గో కోపమో మూసిన తలుపు చూస్తే బయటివాడికి ఎలా తెలుస్తుంది?

కలకత్తా పక్కన ఏదో బడిలో పిల్లలకు ఆట నేర్పే పని దొరికిందని, తల్లిని తీసుకుపోవడానికి వచ్చాడని గవరయ్య తాత చెప్పాడు.

ఆ మర్నాడు మధ్యాహ్నం రేవుకు వచ్చాడు. నేను వల బాగుచేస్తున్నాను. అతను డింగీ ముందు నిలబడి, గోధుమ రంగు తిరిగిన తన పేరు మీద బొటనవేలు నడిపాడు. వాళ్లమ్మ నడిపినట్టే.

"రాసింది నువ్వే కదూ? నూకన్న బాబాయి కూతురివి."

"అవునన్నా."

"తారు ఎవరు పూశారు?"

"నేనే."

అతను నా వైపు తిరిగాడు. గోలు పడినప్పుడు ఎలా చూసేవాడో అలాగే చూశాడు, కోపం లేకుండా. అదే భరించలేకపోయాను.

"మా నాన్న పోయినప్పుడు నాకు ఆరేళ్లు. గవరయ్య తాత పూశాడు. పూస్తున్నంతసేపూ ఏడుస్తూనే ఉన్నాడు. నువ్వు ఏడ్చావా?"

"లేదు."

"ఊఁ," అన్నాడు. పలక మీద నుంచి చెయ్యి తీసి, కుంటుకుంటూ వెళ్లిపోయాడు.

వాళ్లు ఓడెక్కే రోజున నేను కొట్టు నుంచి సెలవడిగాను. గోపినాథ్ ఎక్కడికని అడగలేదు. "నేను కూడా రావాలి, కానీ ఏ మొహంతో రాను, సీతా?" అన్నాడు. ఆ రోజు టీచర్ దీదీ అనలేదు. నేను రమ్మని ఉంటే వచ్చేవాడేమో. నేను రమ్మనలేదు.

హాడోలో ఎండ మండిపోతోంది. ఏటా మా పేట జనంతో నిండిపోయే గేటు ముందు ఒక్క ఆటో ఉంది, అప్పలరాముడిది. రెండు ట్రంకు పెట్టెలు, ఒక చాప, పెద్దమ్మ గంప. గంప ఎందుకు తీసుకెళ్తోందో ఎవరూ అడగలేదు. పెద్దమ్మ నీడలో కూర్చుని ఉంది. వాసుదేవ్ టికెట్లు చూపించి వచ్చి, నన్ను చూసి ఆగాడు.

బస్సులో వచ్చేటప్పుడు మాటలన్నీ వరసగా పెట్టుకున్నాను. నోరు తెరిస్తే ఒక్కటే వచ్చింది.

"అన్నా, ఆ రోజు సెమీఫైనల్ అయ్యాక... మీరు దణ్ణం పెట్టారు కదా. నీలం జెండాల వైపు. అది చప్పట్లు కాదని నేను చూశాను. తొమ్మిదేళ్లూ చూశాను. గోలు పడినప్పుడు మీరు ముందు ఎవరి దగ్గరకు వెళ్లేవారో అది కూడా చూశాను. మీలాంటి ఆటగాడు మా పేటవాడని... అది చెప్పాలని వచ్చాను."

అతని మొహం ఒక్క క్షణం మారింది. ఏడాదిగా దాహంతో ఉన్న మనిషికి నీళ్ల చప్పుడు వినబడినట్టు.

"చూశావా?" అన్నాడు. "అక్కడ స్టేడియంలో ఒక్కడికీ కనబడలేదు. పేపర్లో కూడా వెక్కిరించానని రాశారు. నువ్వు చూశావా?"

"చూశానన్నా."

"మరి ఇక్కడ ఎవరికీ ఎందుకు చెప్పలేదు?"

దెప్పిపొడుపు లేదు ఆ గొంతులో. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. నేను చెబుతానని ఎదురుచూశాడు కూడా. గేటు దగ్గర పోలీసు "చలో, జల్దీ కరో," అని కేక వేసేదాకా ఎదురుచూశాడు. తర్వాత పెట్టె ఎత్తుకున్నాడు.

పెద్దమ్మ లేచి నా దగ్గరకు వచ్చింది. నా కుడిచెయ్యి పట్టుకుని తిప్పి చూసింది, వేళ్ల మధ్య, గోళ్ల కింద.

"నీ సేతికి పోనాదేటే?"

"పోయింది పెద్దమ్మా."

"నాకు గోరు కింద ఉండిపోనాది," అని తన చూపుడువేలు చూపించింది. సన్నని నల్లగీత. "గోరు పెరిగితే పోద్దిలే."

మా వాళ్లు ఎక్కడికి వెళ్తున్నా వస్తానని చెప్పి వెళ్తారు. ఆమె ఏమీ చెప్పలేదు. కొడుకు కుంటుతూ, ఆమె గంప చంకన పెట్టుకుని, ఇద్దరూ గేటు దాటి ఓడ వైపు నడిచారు. ఒక్కసారైనా వెనక్కి చూస్తారని చెయ్యి ఎత్తి సిద్ధంగా ఉంచుకున్నాను. ఓడ కదిలేదాకా ఉన్నాను. కదిలాక కూడా ఉన్నాను.

వర్షాలు మొదలయ్యాయి. బ్లూ రోవర్స్‌కు కొత్త గోల్‌కీపర్ వచ్చాడు, ఇరవై ఏళ్లవాడు, మణిపూర్ వైపు వాడట. మొదటి మ్యాచ్‌లోనే రెండు బంతులు ఆపాడు. మర్నాడే గోపినాథ్ తెల్ల రంగు డబ్బాతో రేవుకు వచ్చాడు.

"టీచర్ దీదీ, ఆ మచ్చ అలా ఉంటే బాగోలేదు. ఈ కుర్రాడి పేరు రాసేయ్. నూకన్న మామ ఒప్పుకున్నాడు."

"వీడు వెళ్లిపోయిన రోజున ఏం చేస్తారు భయ్యా?" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినబడింది. గోపినాథ్ కూడా ఆశ్చర్యపోయాడు. తర్వాత నవ్వేశాడు.

"అరే, ఇప్పుడే కదా వచ్చాడు! అప్పుడు చూద్దాంలే."

బ్రష్షు నేను ముట్టుకోలేదు. గోపినాథే దాన్ని అందుకున్నాడు. తనే ఒంగుని, వంకరటింకరగా, హిందీ అక్షరాల్లో రాసుకున్నాడు. రంగు కారింది. పక్కన ఒకటి అంకె వేశాడు. వెనక్కి నిలబడి ఫొటో తీసుకున్నాడు. సాయంత్రం ఎండలో కొత్త పేరు తెల్లగా మెరిసింది.

తెల్లవారి నేను నీళ్లు తోడడానికి వెళ్తూ చూశాను. అక్షరాల అంచుల్లో గోధుమ రంగు అప్పుడే మొదలైంది.